డిస్కులో ‘ఓస్టా యూడీఎఫ్’ అని కనిపిస్తే దాని అర్థం ఏమిటి? ఆ సంస్థ లేకపోతే మన డిస్కులు తెరుచుకోవా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంట్లో అటక మీద నూట నలభై దాకా సీడీలు, డీవీడీలు ఉన్నాయి. కొన్ని పెళ్ళిళ్ళవి, కొన్ని గృహప్రవేశాలవి, మిగతావి 2003 నుంచి 2008 దాకా అమెరికాలో ఉన్న మీ అన్నయ్య పంపిన ఫోటోలవి. వాటిలో ఒకటి కంప్యూటర్‌లో పెడితే ఖాళీ అని చూపించింది. కానీ డిస్కు తిప్పి చూస్తే సగం దాకా రంగు తేడాగా ఉంది, అంటే ఏదో రాసి ఉంది. మీ స్నేహితుడు ఒక సాఫ్ట్‌వేర్‌తో లోపల వెతికితే ‘ఓస్టా యూడీఎఫ్ కంప్లయంట్’ అన్న మాటలు దొరికాయి. ఈ ఓస్టా ఎవరు, వాళ్ళ దగ్గర ఏదైనా లైసెన్సు తీసుకోవాలా, ఆ పేరు ఇప్పుడు ఎక్కడా వినపడదు కాబట్టి మిగతా డిస్కుల గతి కూడా ఇంతేనా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. ఓస్టా అంటే ఆప్టికల్ స్టోరేజ్ టెక్నాలజీ అసోసియేషన్. డిస్కులు, డ్రైవులు, రైటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలు కలిసి పెట్టుకున్న సంఘం. మీ డిస్కు తెరవడానికి వాళ్ళ అనుమతి, కీ, డబ్బు ఏవీ అక్కర్లేదు. ఆ మాటలు ‘ఈ డిస్కులో ఫైళ్ళు ఫలానా పద్ధతిలో సర్ది ఉన్నాయి’ అని చెప్పే గుర్తు, అంతే. ఆ పద్ధతి పేరే యూడీఎఫ్, అది ఎవరైనా చదువుకునేలా బయటికి ఇచ్చిన పత్రంలో ఉంది. విండోస్‌కి, మ్యాక్‌కి, లినక్స్‌కి మూడింటికీ అది తెలుసు. ఆ సంఘం ఉన్నా లేకపోయినా ఆ పద్ధతి పోదు. పోయేది డిస్కులోని రంగుపొర, మార్కెట్లో డ్రైవులు. మీరు భయపడాల్సింది ఆ రెండింటి గురించే.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే అర్జెంటు. ఖాళీ అని చూపిస్తున్న ఆ డిస్కు మీద ఏమీ రాయకండి. దాన్ని లోపల పెట్టగానే ‘ఈ డిస్కును ఎలా వాడాలనుకుంటున్నారు’ అని విండోస్ ఒక పెట్టె చూపిస్తుంది. ఏదీ ఎంచుకోకుండా దాన్ని మూసేయండి. చాలావరకు ఆ డిస్కు ఖాళీ కాదు. ఎందుకో కింద చెప్తాను.

నేను 1998 నుంచి విజయవాడలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేశాను. మొదట వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, తర్వాత వీసీడీలు, ఆ తర్వాత డీవీడీలు. గత పన్నెండేళ్ళుగా నా పని అంతా తిరగబడింది. అప్పట్లో రాసిన డిస్కుల్లోంచి డేటా బయటికి తీసి ఇవ్వడమే ఇప్పుడు ఎక్కువ. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

ఓస్టా ఎందుకు పుట్టిందో తెలిస్తే మీ డిస్కు కథ సగం తెలిసినట్టే. సీడీని ఫిలిప్స్, సోనీ కలిసి తయారుచేశాయి, 1982లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. అది పాటల కోసం. తర్వాత దాన్ని కంప్యూటర్ డేటాకి వాడటం మొదలయ్యాక ఫైళ్ళు ఎలా సర్దాలి అన్న ప్రశ్న వచ్చింది. దానికి 1988లో ఐఎస్ఓ 9660 అనే ప్రమాణం వచ్చింది. అది ఫ్యాక్టరీలో ఒకేసారి అచ్చుకొట్టే డిస్కుల కోసం చేసింది. మొత్తం ఫైళ్ళు ముందే సిద్ధంగా ఉంటాయి, పట్టిక ముందే రాసుకోవచ్చు, తర్వాత మార్చే పనే ఉండదు.

ఇంట్లో కూర్చుని రాసే డిస్కు వచ్చాక ఆ లెక్క కుదరలేదు. ఇవాళ నాలుగు ఫోటోలు, వచ్చే నెల ఇంకో పది వేసుకోవాలంటే పాత పట్టిక పనికిరాదు. ఒక్కో సాఫ్ట్‌వేర్ కంపెనీ తన సొంత పద్ధతి పెట్టుకుంటే ఒక చోట రాసిన డిస్కు ఇంకో చోట తెరుచుకోదు. డ్రైవులు తయారుచేసేవాళ్ళకి, బ్లాంక్ డిస్కులు అమ్మేవాళ్ళకి, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి అందరికీ అది నష్టమే. ‘నా డిస్కు మీ ఇంట్లో ఆడుతుందో లేదో’ అన్న అనుమానం ఉంటే జనం కొనరు కదా. 1992లో ఓస్టా ఏర్పడింది ఇందుకే. యూడీఎఫ్ తొలి పత్రాల మీద ఉన్న చిరునామా కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాది. ఆ సంఘం ఒక్క డిస్కు కూడా తయారుచేయలేదు. దాని పని, పోటీ కంపెనీల ఇంజనీర్లను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ‘అందరం ఇలాగే రాద్దాం, అందరం ఇలాగే చదువుదాం’ అని ఒప్పించడం.

వాళ్ళు చేసిన పెద్ద పని యూడీఎఫ్, అంటే యూనివర్సల్ డిస్క్ ఫార్మాట్. దీని పునాది ఎక్మా-167 అనే ఇంకో ప్రమాణం. అది చాలా విశాలమైనది, ఒకే పనిని పది రకాలుగా చేయడానికి వీలిస్తుంది. అలా వదిలేస్తే మళ్ళీ పది కంపెనీలు పది దార్లు పడతాయి. ఓస్టా ఆ పదిలో ఏ ఒక్కటి వాడాలో తేల్చి, మిగతావి వద్దని రాసింది. మొదటి పత్రం 1995లో వచ్చింది. 1996లో వచ్చిన 1.02 కూర్పును డీవీడీ సినిమాలకి తీసుకున్నారు. 1997లో వచ్చిన 1.50 కూర్పుతో సీడీ-ఆర్ (ఒకసారే రాయగలిగేది), సీడీ-ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్ళీ రాయగలిగేది) మీద కొంచెం కొంచెంగా రాసుకోవడం కుదిరింది. 2003లో 2.50, 2005లో 2.60 వచ్చాయి. 2.60 తర్వాత కొత్త కూర్పు లేదు.

మధ్యలో ఒక విషయం చెప్పాలి. డిస్కుల విషయంలో కంపెనీల గొడవలు మీకు గుర్తుండే ఉంటాయి. డీవీడీ మైనస్ ఆర్, డీవీడీ ప్లస్ ఆర్ అని రెండు రకాలు ఉండేవి. మైనస్ వెనుక డీవీడీ ఫోరమ్, ప్లస్ వెనుక డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ అలయన్స్. ఆ తర్వాత బ్లూ-రేకి, హెచ్‌డీ డీవీడీకి మధ్య ఇంకా పెద్ద పోటీ నడిచింది, 2008 ఫిబ్రవరిలో తోషిబా తప్పుకోవడంతో అది ముగిసింది. డిస్కు పొర మందం మీద, లేజర్ మీద, కాపీ రక్షణ మీద అంత కొట్టుకున్నవాళ్ళు ఫైళ్ళు సర్దే పద్ధతి దగ్గర మాత్రం ఒకే చోటికి వచ్చారు. ప్లస్‌లోనూ మైనస్‌లోనూ యూడీఎఫే. బ్లూ-రే సినిమాలోనూ హెచ్‌డీ డీవీడీ సినిమాలోనూ యూడీఎఫ్ 2.50నే. ఓస్టా గురించి నేను గౌరవంగా మాట్లాడేది ఇందుకే. ఓడిపోయిన హెచ్‌డీ డీవీడీ డిస్కును ఇవాళ ఆ డ్రైవు ఉన్న కంప్యూటర్‌లో పెడితే అందులోని ఫైళ్ళ పేర్లు మామూలుగా కనిపిస్తాయి. సినిమా కంపెనీల తగాదా ఆ పట్టిక దాకా రాలేదు.

ఇక మీ ఖాళీ డిస్కు సంగతి. డేటా డిస్కును 2048 బైట్ల గదులుగా అనుకోండి, వీటిని సెక్టర్లు అంటారు. కంప్యూటర్ ముందు 16వ సెక్టర్ దగ్గర ‘ఇది ఏ రకం డిస్కు’ అని చూస్తుంది. యూడీఎఫ్ అని తేలితే 256వ సెక్టర్‌కి వెళుతుంది. అక్కడ ఒక దారిచూపే బోర్డు లాంటిది ఉంటుంది. ఆ బోర్డు చెప్పిన చోటికి వెళితే డిస్కు పేరు, ఏ సాఫ్ట్‌వేర్ రాసింది, ఫైళ్ళ పట్టిక ఎక్కడుంది అన్న వివరాలు ఉంటాయి. మీ స్నేహితుడికి కనిపించిన ‘ఓస్టా యూడీఎఫ్ కంప్లయంట్’ అన్న మాటలు అక్కడివే. వాటి పక్కన ఇంకో పేరు కూడా ఉంటుంది, అది డిస్కు రాసిన సాఫ్ట్‌వేర్‌ది. ఆ పేరు నోట్ చేసుకోండి. డిస్కు ఏ పద్ధతిలో రాశారో ఊహించడానికి నాకు చాలాసార్లు అదే దారి చూపింది.

ఒకసారి రాస్తే చెరగని డిస్కు మీద ఫైళ్ళు మార్చినట్టు, తీసేసినట్టు కనిపించడం ఎలా సాధ్యమని చాలామంది అడుగుతారు. నిజానికి ఏదీ చెరగదు. కొత్తది చివర రాస్తారు, ‘పాతది వదిలెయ్, కొత్తది ఇక్కడుంది’ అని చెప్పే ఒక చిన్న పట్టికను అన్నిటికంటే చివర రాస్తారు. దాన్ని వ్యాట్ అంటారు. కంప్యూటర్ డిస్కు చివరికి వెళ్ళి ఆ వ్యాట్ చదివి, అక్కడినుంచి వెనక్కి అన్నీ వెతుక్కుంటుంది. ఇంటి జమాఖర్చుల పుస్తకంలో ఆఖరి పేజీ తెరిస్తే నిల్వ తెలిసినట్టు.

ఆ చివరి పట్టిక రాయకముందే కరెంటు పోయినా, డిస్కును మధ్యలో లాగేసినా, సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా ఆఖరి పేజీ ఉండదు. ఫోటోలన్నీ లోపలే ఉంటాయి, వాటిని చూపించే పట్టిక ఉండదు. అప్పుడు కంప్యూటర్ ‘ఖాళీ’ అంటుంది. మీ డిస్కు సగం దాకా రంగు మారి ఉందన్నారు కదా, నాకు ఎక్కువ అనుమానం ఇదే. రెండో కారణం ఇంకా మామూలుది: డిస్కును ఫైనలైజ్ చేయకపోవడం. అంటే ముగింపు రాయకుండా తెరిచి వదిలేయడం. చాలా డ్రైవులు అలాంటి డిస్కును సరిగ్గా చూడలేవు.

ఒక కేసు చెప్తాను. కొన్నేళ్ళ క్రితం ఒకావిడ గుంటూరు నుంచి చిన్న డిస్కు తెచ్చారు, 8 సెంటీమీటర్లది. అప్పట్లో హ్యాండీకామ్ కెమెరాల్లో వాడేవారు, 1.4 జీబీ పడుతుంది, మామూలు క్వాలిటీలో అరగంట. అందులో వాళ్ళ అమ్మాయి బారసాల ఉంది. కెమెరా ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు. నాలుగు షాపుల్లో చూపిస్తే ఖాళీ అన్నారట. కెమెరాలో ‘ఫైనలైజ్’ అన్న మెనూ నొక్కకుండానే డిస్కు బయటికి తీశారు, అంతే జరిగింది. నేను దాన్ని చదవడానికి మాత్రమే పనికొచ్చే డ్రైవులో కాకుండా రైటర్‌లో పెట్టాను. ముగింపు లేని డిస్కుల్ని రైటర్లు మెరుగ్గా చదువుతాయి, ఎందుకంటే వాటికి రాసే పని కూడా తెలుసు కాబట్టి ఎక్కడిదాకా రాశారో అంచనా వేయగలవు. మొదటి రైటర్ కుదరలేదు, రెండోది కుదరలేదు, మూడోదానిలో వచ్చింది. ఇరవై ఆరు నిమిషాల వీడియో. ఆ బారసాలలో వాళ్ళ నాన్నగారు మనవరాలి చెవిలో పేరు చెబుతున్నారు, ఆయన అప్పటికి లేరు. ఆవిడ నా షాపులోనే కూర్చుని మూడుసార్లు చూశారు.

అందుకే ఒక డ్రైవులో ఖాళీ అంటే ఖాళీ అని నమ్మకండి. కనీసం మూడు వేరు వేరు రైటర్లలో చూడండి. ఇంకో జాగ్రత్త: 8 సెంటీమీటర్ల డిస్కును సందులోకి దూర్చే రకం డ్రైవుల్లో పెట్టకూడదు, లోపల ఇరుక్కుపోతుంది. ట్రే బయటికి వచ్చే డ్రైవే వాడాలి.

ఓస్టా చేసిన ఇంకో పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ ఆ రోజుల్లో మాకు ఊపిరి పోసింది అదే. 1999లో నేను సీడీ-ఆర్‌డబ్ల్యూ మీద రాసి ఇచ్చిన డేటాను ఒక కస్టమర్ ‘మా కంప్యూటర్లో రావట్లేదు’ అని మూడుసార్లు వెనక్కి తెచ్చారు. నా దగ్గర మాత్రం బాగానే తెరుచుకునేది. టెన్షన్‌తో రెండు రోజులు నిద్రపట్టలేదు. కారణం చాలా సింపుల్. ఫ్యాక్టరీలో అచ్చుకొట్టిన సీడీ తనమీద పడిన లేజర్ వెలుగులో 70 శాతం దాకా వెనక్కి పంపుతుంది. సీడీ-ఆర్‌డబ్ల్యూ పంపేది 15 నుంచి 25 శాతమే. పాత డ్రైవులకి ఆ మసక వెలుగు కనపడేది కాదు. ఇంకోవైపు మొదటి తరం డీవీడీ డ్రైవులు కొన్నిటికి సీడీ-ఆర్ కనపడేది కాదు. సీడీ-ఆర్‌లోని రంగు 780 నానోమీటర్ల లేజర్‌కి తగ్గట్టు చేసింది. డీవీడీది 650 నానోమీటర్ల లేజర్. ఆ వెలుగుకి ఆ రంగు అద్దంలా పనిచేయదు. అందుకే డీవీడీ డ్రైవుల్లో రెండో లేజర్ పెట్టాల్సి వచ్చింది.

ఓస్టా 1997లో మల్టీరీడ్ అనే నిబంధనల పత్రం తెచ్చింది. ఆ గుర్తు వేసుకోవాలంటే డ్రైవు పాటల సీడీ, డేటా సీడీ, సీడీ-ఆర్, సీడీ-ఆర్‌డబ్ల్యూ నాలుగూ చదివి తీరాలి. ఆ సంగతి తెలిశాక నేను కస్టమర్‌ని ‘మీ డ్రైవు మీద మల్టీరీడ్ అని ఉందా’ అని ముందే అడగడం మొదలుపెట్టాను. లేకపోతే సీడీ-ఆర్ మీదే రాసి ఇచ్చేవాణ్ణి. మీ పెట్టెలో పాత సీడీ-ఆర్‌డబ్ల్యూలు ఉంటే ఈ లెక్క మీకూ పనికొస్తుంది. వాటికి అంతకంటే కొత్త డ్రైవే వాడండి. 2005 తర్వాతి డీవీడీ రైటర్ అయితే బాగా నడుస్తుంది.

సీడీ-ఆర్‌డబ్ల్యూ మీద పెన్‌డ్రైవ్‌లా ఫైళ్ళు లాగి పడేసే పద్ధతిలో రాసి ఉంటే ఒకటి గమనించండి. అలా ఫార్మాట్ చేసినప్పుడు ప్రతి 32 బ్లాకుల డేటాకి 7 బ్లాకులు అతుకులకే పోతాయి. అందుకే 650 ఎంబీ డిస్కులో 500 చిల్లర ఎంబీ మాత్రమే ఉంటుంది. డిస్కు సైజు తక్కువ చూపిస్తోందని డేటా పోయిందనుకుని కంగారు పడకండి.

తెలుగు పేర్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ అన్నయ్య ఫోల్డర్లకి తెలుగులో పేర్లు పెట్టారని రాశారు. అసలు ఐఎస్ఓ 9660 ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు, కింద గీత మాత్రమే ఒప్పుకుంటుంది. దానిమీద మైక్రోసాఫ్ట్ జోలియట్ అని ఒక పొడిగింపు పెట్టింది. అందులో తెలుగు రాయొచ్చు, కానీ 64 అక్షరాల దాకానే. యూడీఎఫ్‌లో యూనికోడ్ మొదటినుంచీ ఉంది, తెలుగు లాంటి లిపులకి 127 దాకా వస్తుంది. ఇక్కడ అక్షరం అంటే మనం అనుకునే అక్షరం కాదు. ‘శ్రీ’ మనకి ఒకటే, కంప్యూటర్‌కి నాలుగు: శ, పొల్లు, ర, ఈత్వం. కాబట్టి ‘శ్రీరస్తు శుభమస్తు’ అని మొదలుపెట్టి వధూవరుల పేర్లు, తేదీ, ఊరు అన్నీ ఫోల్డర్ పేరులో పెడితే జోలియట్‌లో మధ్యలో తెగిపోతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక డిస్కులో ఏడు ఫోల్డర్ల పేర్లు మొదట్లో ఒకేలా ఉండి, చివర తెగిపోయి, ఏది ఏ రోజుదో తెలియకుండా పోయింది. ఒకే డిస్కులో రెండు పట్టికలూ ఉంటే యూడీఎఫ్ పట్టిక చూపించమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పండి. పూర్తి పేర్లు చాలాసార్లు అక్కడ దొరుకుతాయి.

ఇంతవరకు సంఘం చేయగలిగింది. చేయలేనిది రంగుపొర విషయం. ఒకసారే రాయగల సీడీ, డీవీడీల్లో డేటా అంటే సేంద్రియ రంగు పొర మీద లేజర్ చేసిన మచ్చలు. ఆ రంగు వెలుగుకీ వేడికీ తేమకీ మారిపోతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ఇచ్చిన మార్గదర్శకంలో ఎక్కువ కాలం దాచే డిస్కులకి 20 డిగ్రీల లోపు వేడి, 40 శాతం తేమ అని చెప్పింది. మన అటక మీద మే నెలలో ఎంత ఉంటుందో మీకు తెలుసు. మా విజయవాడలో అయితే చెప్పనక్కర్లేదు. ముందు ఆ డిస్కుల్ని అటక మీదనుంచి దించండి. రేపు కాదు, ఇవాళే. గోడకి ఆనని చెక్క బీరువాలో, వెలుగు తగలకుండా, పుస్తకాల్లా నిలబెట్టండి.

సీడీలకీ డీవీడీలకీ ఒక తేడా ఉంది. డీవీడీలో రంగుపొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది. సీడీలో అది పైన, అంటే మనం పేరు రాసే వైపు, పల్చటి లక్క పూత కిందే ఉంటుంది. మనం మెరిసే వైపు గీత పడకుండా జాగ్రత్తపడి, రెండోవైపు బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి రాసేస్తాం. సీడీకి ఎక్కువ హాని జరిగేది అక్కడే. కాగితం స్టిక్కర్లు ఇంకా చెడ్డవి. 2004, 2005లో మేం వధూవరుల ఫోటోతో గుండ్రటి స్టిక్కర్ అతికించి ఇచ్చేవాళ్ళం, అందరూ అదే అడిగేవారు. పదేళ్ళ తర్వాత అవే డిస్కులు తిరిగి వచ్చినప్పుడు చూస్తే, స్టిక్కర్ ఉన్నవాటిలో బయటి అంచు దగ్గర చదవలేనివి ఎక్కువ. జిగురు ఆరిపోయి కాగితం ముడుచుకుని డిస్కును కొద్దిగా వంచేస్తుంది. మీ దగ్గర స్టిక్కర్ ఉన్నవి ఉంటే పీకడానికి ప్రయత్నించకండి, సీడీ అయితే స్టిక్కర్‌తోపాటు పొర కూడా వచ్చేస్తుంది. అలాగే ఉంచి, నిదానంగా చదివించండి.

అప్పటి డిస్కుల్లో మన దగ్గర ఎక్కువ నోయిడాలోని మోజర్ బేర్‌వి, మిగతావి తైవాన్, జపాన్ నుంచి వచ్చేవి. మోజర్ బేర్ ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద డిస్కు తయారీదారుల్లో ఒకటి, 2018లో లిక్విడేషన్‌కి వెళ్ళింది. పెట్టె మీద పేరు చూసి డిస్కు మంచిదో కాదో తేల్చేయకండి. ఒకే బ్రాండు పెట్టెలో వేరే ఫ్యాక్టరీ డిస్కులు ఉండటం మామూలే.

ఇక పని వరస. నేనైతే మీ నూట నలభై డిస్కుల్ని ఇలా చేస్తాను.

మొదట ఒక నోటుపుస్తకంలో అన్నిటికీ నంబర్లు ఇవ్వండి. డిస్కు మీద కాదు, కవరు మీద రాయండి. దేనికి రెండో కాపీ ఎవరి ఇంట్లోనైనా ఉందో కూడా రాసుకోండి. పెళ్ళి డిస్కులు సాధారణంగా రెండు వైపులవాళ్ళకీ ఇస్తారు. వియ్యంకుల ఇంట్లో ఉన్న కాపీ బాగుంటే మీ పని సులువవుతుంది. తర్వాత ఒక్కటే కాపీ ఉన్నవి ముందు, స్టిక్కర్ ఉన్నవి వాటి వెనుక, సీడీ-ఆర్‌లు ఆ తర్వాత, ఫ్యాక్టరీ సినిమా డిస్కులు అన్నిటికంటే చివర. చాలామంది బాగా ఆడే డిస్కుతో మొదలుపెట్టి, మొరాయించే డిస్కు దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయి వదిలేస్తారు. మొరాయించేదే ఇవాళ చేయాలి, అది రేపటికి ఇంకా పాడవుతుంది.

దుమ్ము ఉంటే మెత్తటి నూలుగుడ్డతో మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. గుండ్రంగా గీత పడితే అది డేటా వరస వెంబడే పోతుంది, తప్పులు సరిదిద్దే లెక్కకి కూడా అందదు. అడ్డంగా పడిన గీతను డ్రైవు చాలాసార్లు తనే సరిచేసుకుంటుంది.

ఫైళ్ళు ఒక్కొక్కటి కాపీ చేయకండి. ముందు డిస్కు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే డిస్కుకి అచ్చు నకలుగా తీయండి. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అది చదవగలిగినవి ముందు తీసుకుని, చెడినచోట్లకి తర్వాత నిదానంగా తిరిగి వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో లెక్క రాసుకుంటుంది. ఒక డ్రైవులో మిగిలిపోయిన సెక్టర్లను అదే లెక్కతో రెండో డ్రైవులో తీయవచ్చు. ఒక డ్రైవుకి రానివి ఇంకోదానికి రావడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. విండోస్‌లో అయితే ఐసోబస్టర్ ఉంది. మీ ఖాళీ డిస్కు లాంటివాటికి అది ముఖ్యంగా పనికొస్తుంది, పాత సెషన్లను (అంటే విడతలవారీగా రాసిన భాగాలను), పట్టిక లేని యూడీఎఫ్ ఫైళ్ళను వెతికి చూపిస్తుంది. ఫైళ్ళు బయటికి తీయడానికి డబ్బు కట్టాలి, కానీ ఏమేం ఉన్నాయో ముందు ఉచితంగానే చూడొచ్చు.

మీ పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉందన్నారు. అది యూడీఎఫ్ 2.01 దాకా మాత్రమే చదువుతుంది. విస్టా, ఆ తర్వాతవాటిలో రాసిన డిస్కులు కొన్ని 2.50లో ఉంటాయి, వాటిని ఎక్స్‌పీలో పెట్టి పాడయ్యాయని తేల్చేయకండి. అలాగే విండోస్‌లో ‘యూఎస్‌బీ డ్రైవ్‌లా వాడాలి’ అన్న ఎంపికతో రాసిన డిస్కులు టీవీ కింద పెట్టుకునే డీవీడీ ప్లేయర్‌లో చాలావరకు ఆడవు. అది కూడా డిస్కు లోపం కాదు.

తీసిన ఇమేజ్‌లను రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి, ఒకటి మీ ఇంట్లో, ఒకటి మీ అన్నయ్య ఇంట్లో. కుదిరితే మూడోది ఆన్‌లైన్‌లో. అసలు డిస్కుల్ని పారేయకండి. ఏ సెక్టర్లు పోయాయో మీ దగ్గర లెక్క ఉంటుంది, ఎప్పుడైనా మంచి డ్రైవు దొరికితే మళ్ళీ ప్రయత్నించవచ్చు.

మళ్ళీ కొత్త డిస్కుల మీదే రాసి పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు. పెట్టుకోవచ్చు, కానీ ఒక్క దానిమీదే ఆధారపడకండి. రాయాలనుకుంటే మామూలు బీడీ-ఆర్, అంటే ఒకసారి రాసే బ్లూ-రే డిస్కు తీసుకోండి, అందులో సేంద్రియ రంగు ఉండదు, లోహ సంబంధమైన పొర ఉంటుంది. ఎల్‌టీహెచ్ అని రాసి ఉన్న బీడీ-ఆర్ వద్దు, అందులో మళ్ళీ సేంద్రియ రంగే. ఒక డిస్కులో 25 జీబీ పడుతుంది. అయితే ఇవి దొరకడం కష్టమవుతోంది. ప్యానసోనిక్ 2023 ఫిబ్రవరిలో, సోనీ 2025 ఫిబ్రవరిలో రాసే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేశాయి. కాబట్టి డిస్కుల కంటే ముందు ఒక మంచి డ్రైవు కొని పెట్టుకోండి, యూఎస్‌బీతో పనిచేసేది, ట్రే రకం. మీ నూట నలభై డిస్కులకీ కావాల్సింది అదే.

ఆ ఖాళీ డిస్కు సంగతి మాత్రం ఇక్కడ మళ్ళీ రాయండి. మూడు విషయాలు కావాలి: డిస్కు మధ్య రంధ్రం చుట్టూ పారదర్శకంగా ఉన్న భాగంలో సన్నగా చెక్కిన కోడ్, ‘ఓస్టా’ మాటల పక్కన ఉన్న సాఫ్ట్‌వేర్ పేరు, రంగు మారిన భాగం అంచునుంచి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఆగిందో. డిస్కు లోపలినుంచి బయటికి రాస్తారు కాబట్టి ఆ కొలతను బట్టి లోపల దాదాపు ఎన్ని ఎంబీ డేటా ఉందో నేను లెక్కవేసి చెప్పగలను. ఆ సాఫ్ట్‌వేర్ పేరు చూసుకోవడానికి తప్ప, అప్పటిదాకా దాన్ని ఇక ఏ డ్రైవులోనూ పెట్టకండి.